ఎండిన వంకకు వరద గీత

చిత్తూరు వెళ్ళొచ్చానని చెప్పగానే మా అమలాపురంలో ప్రతివాళ్ళూ అడిగిన మాట ఒకటే: "దర్శనం బాగా జరిగిందా?"

జరగలేదు. నేను కొండ ఎక్కలేదు. తిరుపతి బస్టాండులో నిలబడి కొండ వైపు తిరిగి ఒక నమస్కారం పెట్టి, ఎవరూ పనిగట్టుకుని చూడ్డానికి పోని ఒక వంకను చూడ్డానికి పోయాను. వంక అంటే మన వైపు వాగు. అది చిత్తూరు ఊరి మధ్యనుంచి పారుతుంది, అంటే పారాలి. నేను వెళ్ళేసరికి అందులో రెండు గాడిదలు, ఒక విరిగిన బండి చక్రం, ఊరందరి చెత్త ఉన్నాయి. వరద వస్తే దాని నీళ్ళు ఎంతదాకా ఎక్కుతాయో గట్టు మీది జనాన్ని అడిగి, కొలిచి, పటం మీద ఎర్ర గీత గీసుకురమ్మని మా ఆఫీసు నన్ను పంపింది.

"గోదావరి వాళ్ళు, మీకు నీళ్ళ సంగతి చెప్పాలా" అన్నారు మా పై అధికారి. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. కాలవ గట్టున పుట్టి, కాలవలో ఈత నేర్చి, ఏటా గోదావరి ఎర్రబడడం చూసినవాణ్ణి. గుప్పెడు వంక నాకొక లెక్కా అనుకున్నాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళేవాళ్ళకు మాత్రం ఒక్క సలహా: ఎంత ఎండిపోయి కనిపించినా సరే, వంక నడిమధ్యలో సామాను దించుకోవద్దు.

రేణిగుంట దాకా

నాతోబాటు నాకంటే పొడుగున్న లెవెల్ కర్ర ఒకటి ప్రయాణం చేసింది. నేల ఎత్తూ నీళ్ళ ఎత్తూ చూడడానికి అంకెలు వేసిన కర్ర. రంగు గీసుకుపోతుందని మా ఆవిడ దానికి తన పాత పసుపు చీర చుట్టి రెండుచోట్ల తాడు కట్టింది. అదే కొంప ముంచింది. రైలుపెట్టెలో ఓ మూల నిలబెట్టానో లేదో, ఎదుటి బల్ల మీది ముసలమ్మ చెప్పులు విడిచి దానికి దండం పెట్టింది.

"ఏం మొక్కు బాబూ?"

"మొక్కు కాదమ్మా. నీళ్ళ కోసం."

"వానల కోసమన్నమాట. మా తుని వైపు కూడా కాస్త చెప్పు బాబూ."

ఆవిడ సంచిలోంచి కుంకుమ తీసి కర్రకు అద్దింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ, ఆవిణ్ణి చూసి గుండు గీయించుకోబోతున్న ఒక కుటుంబమంతా. నెల్లూరు దాటేసరికి చీర మడతలో ఎవరో అర్ధరూపాయి బిళ్ళ కూడా దోపారు. నేను విప్పి అంకెలు చూపించాను. అంకెలు చూసి భక్తి ఇంకా పెరిగింది. రైలు ఆలస్యం సంగతి చెప్పక్కర్లేదు. ఎమర్జెన్సీ రోజులే నయమని ఒకాయనా, ఏం నయం కాదని ఇంకొకాయనా గూడూరు నుంచి రేణిగుంట దాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. దిగేటప్పుడు అందరూ లేచి నా కర్రకు దారి ఇచ్చారు, వెనక పెట్టె మోసుకుంటున్న నాకు ఇవ్వలేదు.

తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కాక ఆ భక్తి అంతా దిగిపోయింది. కండక్టరు కర్రను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఇది మీకంటే పొడుగుండాది సార్. దీనికి మనిషి టికెట్టే."

"మనిషి టికెట్టయితే సీటు ఇవ్వాలి కదండీ."

"ఇస్తా. కూసుంటాదా?"

కూర్చోదు. చివరికి లగేజీ టికెట్టు దగ్గర ఇద్దరం రాజీ పడ్డాం.

పూతలపట్టులో బోండాలు

చంద్రగిరి కోటను బస్సు కిటికీలోంచే చూశాను. రాజులు అంత ఎత్తున ఎందుకు కట్టారో అప్పుడు తెలియలేదు, తిరుగు ప్రయాణంలో మాత్రం బాగా తెలిసింది. పూతలపట్టు దగ్గర బస్సు ఆగగానే జనమంతా బిలబిలా దిగి టీ అంగడి మీద పడ్డారు. అక్కడ దుకాణాన్ని అంగడి అంటారు. పావలాకి రెండు బోండాలు, వాటి మీద చెనిక్కాయల చట్నీ, అంటే మన వేరుశెనగ చట్నీ, గరిటెతో పోశాడు. మన వైపు కొబ్బరి చట్నీ విస్తరి మూలన బిడియంగా ఉంటుంది. ఇక్కడ చట్నీలో బోండా వెతుక్కోవాలి. కారం నషాళానికి అంటింది. నీళ్ళడిగితే సగం గ్లాసు ఇచ్చాడు. "ఇంకాస్త పొయ్యండి" అన్నాను. "తాగినాక మళ్ళీ అడగండి సార్, మిగిలిస్తే పారబొయ్యాల్సి వస్తాది" అన్నాడు. కాలవ ఒడ్డు వాణ్ణి, గ్లాసుడు నీళ్ళు సగం తాగి సగం విసిరేసే జాతి మాది. సిగ్గేసింది.

బస్సులో సగంమంది కోర్టు వాయిదాకి పోతున్నవాళ్ళే. చిత్తూరు జిల్లా కోర్టు ఉన్న ఊరు. పక్కసీటు పెద్దాయన చంకలో కాగితాల సంచి పెట్టుకుని, తండ్రి నాటి గట్టు తగాదా గురించి ఎంతో ప్రేమగా చెప్పుకొచ్చాడు. తర్వాత మర్యాదకు నన్ను అడిగాడు.

"మీది ఏం కేసప్పా?"

"కేసు కాదండీ. వంక మీద పని."

"వంక మీద కేసా! మీరు గెలుస్తారు పో. అది యానాటికీ వాయిదాకి రాదు గదా."

మునెమ్మ హోటలు

చిత్తూరులో నాకు తోడిచ్చిన మనిషి దొరసామి. మునిసిపాలిటీలో కొలతల పని చేస్తాడు. నలభై దాటినవాడు, కర్ర నిటారుగా పట్టుకోవడంలో మొనగాడు, ఎండలో పనంటే మాత్రం కడుపునొప్పి. "ముందు కడుపుకు ఏదైనా ఏసుకుందాం సార్" అని తిన్నగా వంక గట్టుకు తీసుకుపోయాడు.

కోర్టు రోడ్డు నుంచి ఒక సందు కిందికి దిగుతుంది. దిగి దిగి వంక పడమటి గట్టున ఆగుతుంది. ఆ చివర రెండు మెట్లెక్కితే మునెమ్మ హోటలు. మూడు బల్లలు, ఒక పెద్ద పొయ్యి, వెనక ఆమె ఉండే గది. వెనక తలుపు తీస్తే వంకే. మునెమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. ఆ పొయ్యి మీదే ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళి చేసి పంపింది. వాయిదాలకొచ్చే జనం పొద్దున గెలుస్తామని ఇడ్లీ తింటారు, మధ్యాహ్నం వాయిదా పడిందని సంకటి తింటారు. రాగి సంకటి నడుమ గుంట చేసి ఊరిబిండి పెట్టి ఇచ్చింది నాకు. ఊరిబిండి అంటే చెనిక్కాయలూ చింతపండూ ఎండుమిరపకాయలూ కలిపి రోట్లో నూరిన పచ్చడి. నేను సంకటి నమలబోయాను. హోటలంతా నవ్వింది.

"నమలగూడదు సార్, మింగాల" అంది మునెమ్మ. "మీ గోదావరోళ్ళకు అన్నీ అండీ అండీ అంటా మెల్లగా జెయ్యాల."

నేను ఎందుకొచ్చానో ఆమెకు అప్పటికే తెలుసు. సందులో అందరికీ తెలుసు. పటం మీద నేను గీసే ఎర్ర గీత లోపల పడ్డ ఇళ్ళన్నీ వచ్చే వానలకు ముందే ఖాళీ చేయించి, గుట్ట కింద కొత్త కాలనీలో స్థలాలు ఇవ్వాలని మునిసిపాలిటీ అనుకుంటోంది.

"నా ఇల్లు గీతలో పడితే నన్ను గుట్టకింద ఏస్తారంట గదా?"

"నీళ్ళొచ్చే చోటైతే అంతే కదమ్మా."

"ఆ గుట్టకింద నా ఇడ్లీ ఎవురు తింటారు సార్? కొండముచ్చులా?"

నేను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నోటినిండా సంకటి ఉండడం వల్ల జవాబు లేనట్టు కనబడలేదు. కోర్టు దూరమైతే ఆమె బతుకు లేదు. వంక దగ్గరుంటే ఏదో ఒక రోజు ప్రాణమే ఉండదు. ఈ రెంటి మధ్యా గీయవలసిన గీత నా చేతిలో ఉంది.

పడమటి గట్టు సాక్ష్యం

మర్నాడు పడమటి గట్టున ఇల్లిల్లూ తిరిగి అడిగాం. మొదటి ఇల్లు మునెమ్మదే.

"నేను ఈ ఇంటికి కాపురానికొచ్చినప్పట్నుంచి గడప మీద సుక్క నీళ్ళు పడలే సార్" అంది, గరిటె పైకెత్తి ప్రమాణం చేస్తున్నట్టు.

పక్కింట్లో పూలు కట్టే ఆమె కూడా కాపురానికొచ్చినప్పట్నుంచి చుక్క నీళ్ళు చూడలేదు. ఆ పక్కింటి ఆమె కూడా అంతే. అన్నీ అవే మాటలు, అదే వరస. నాలుగో ఇల్లు ఖాదర్ సాయిబుది. గడ్డం నెరిసిన మనిషి, పరుపులు కుడతాడు. ఇల్లంతా బూరుగు దూది.

"నేను ఈ ఇంటికి కాపురానికొచ్చినప్పట్నుంచి" అని మొదలుపెట్టాడు ఆయన కూడా, "గడప మీద సుక్క నీళ్ళు పడలే సార్."

దొరసామి కర్ర వదిలేశాడు. అది నా భుజం మీద పడింది.

"మీరు కాపురానికి రావడమేమిటి సాయిబు గారూ?"

సాయిబు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. నన్ను చూశాడు, దొరసామిని చూశాడు, వీధిని చూశాడు.

"ఇల్లరికం సార్" అన్నాడు.

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినబడింది: "వాళ్ళబ్బ కట్టిన ఇల్లే సార్ ఇది! నన్ను నడిపిచ్చుకోని తెచ్చినారు ఈడికి!"

సాయిబు నెమ్మదిగా తలుపు మూశాడు. మూసేలోపల చూశాను. దూది మూటలన్నీ అటక మీద ఉన్నాయి, నేల మీద ఒక్కటీ లేదు. అడిగితే ఎలకలంటాడని అడగలేదు.

తూర్పు గట్టున తేలిన అవ్వలు

పడమటి గట్టు నుంచి తూర్పు గట్టుకు పోవాలంటే వంకలో పరిచిన రాతి చప్టా దాటాలి. అటువైపు ఇళ్ళు బాడుగవి. అద్దెను బాడుగ అంటారక్కడ. వాళ్ళకు కోర్టుతో పని లేదు, సొంత స్థలం కావాలి. గీతలో పడితే గుట్ట కింద స్థలం వస్తుందని తెలుసు. అందుచేత పడమటి గట్టున చుక్క పడని వంక, తూర్పు గట్టున ప్రళయం సృష్టించింది.

"రొమ్ములోతు నీళ్ళు సార్. మా అవ్వ మంచంతో సహా తేలుకుంటా పొయ్యింది" అన్నాడు మొదటింటాయన.

రెండో ఇంట్లోనూ అవ్వ తేలింది. మూడో ఇంట్లో అవ్వతోబాటు మేక కూడా తేలింది. ప్రతి ఇంటినుంచీ ఒక ముసలామె మంచం మీద బయల్దేరి వంక వెంట తరలిపోయినట్టు నా కాగితాల్లో రాసుకుంటూ వచ్చాను. మధ్యాహ్నానికి నాకు ఆ అవ్వల మీద నిజంగానే బెంగ పట్టుకుంది. చివరి ఇంట్లో పెద్ద అరుగుంది. ఆ అరుగు మీద పోలమ్మవ్వ అనే ముసలామె కూర్చుని ఆకు వక్క దంచుకుంటోంది. ఆమె మనవడు నాకు ఎదురొచ్చి, "మా అవ్వ కూడా" అంటుండగానే ఆమె రోకలి ఆపింది.

"నేను యాడికి తేలినానురా?"

"అవ్వా, నువ్వు ఊరికే ఉండు."

"ఊరికే ఎట్లుండేది? ఈ అరుగు తడిసింది నేనెరగను. మంచం తేలిందంట! మనింట్లో మంచమే ల్యాకపాయె."

మనవడు తల పట్టుకున్నాడు. నేను సానుభూతిగా ఆ ఇంటికి ఎదురుగా 'అవ్వ తేలలేదు' అని రాసుకున్నాను.

నాకు కోపం వచ్చింది. లెవెల్ పెట్టి చూస్తే తూర్పు గట్టు పడమటి గట్టుకంటే నిలువెత్తు పైన ఉంది. తూర్పున రొమ్ములోతు వస్తే పడమట మునెమ్మ మిద్దె మీద ఓడలు తిరగాలి. ఆ మాటే చప్టా మీద నిలబడి రెండు వైపులా వినబడేలా అన్నాను. "తిరిగినాయి సార్!" అని అరిచారు తూర్పువాళ్ళు. "మీ నోట్లో మన్నుబడ!" అని అరిచింది మునెమ్మ ఇటువైపు నుంచి.

చెంగల్రాయుడి పాఠశాల

ఆ సాయంత్రమే గుట్టు బయటపడింది. కాఫీకని మునెమ్మ హోటలుకు పోతుంటే చప్టా మీద పదిమంది చేరి ఉన్నారు. మధ్యలో నల్ల కోటు వేసుకున్న ఒక బక్క మనిషి. ఆయన చెంగల్రాయుడు. ముప్ఫయ్యేళ్ళు వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేసి, సాక్షులకు మాటలు నేర్పడంలో జిల్లాలో పేరు తెచ్చుకుని విశ్రాంతి తీసుకుంటున్నవాడు. రోజూ మునెమ్మ హోటల్లో మూల బల్ల ఆయనదే.

"అవ్వను తలుపుచెక్క మీద తేల్చుంటే నమ్మరప్పా" అంటున్నాడు తూర్పువాళ్ళతో. "అందుకే మంచం మీద తేల్చమంటిని. మంచానికి నాలుగు కాళ్ళుంటాయి, సాక్ష్యం నిలబడతాది."

నన్ను చూసి ఆయన ఏమాత్రం తడబడలేదు. లేచి మర్యాదగా నమస్కారం పెట్టాడు.

"పడమటివాళ్ళకు చెప్పిందీ మీరేనా?" అన్నాను.

"నేనే సార్. అడిగినారు, చెప్పినాను."

"ఒకే వంకకు రెండు సాక్ష్యాలా?"

"ఇద్దరు వాదులు గదా సార్. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే పక్షపాతం." ఆయన మొహం చిన్నబోయింది. "ఖాదరు తొందరపడినాడు. ఆడోళ్ళ మాట వాని నోట్లో పెట్టింది నాదే తప్పు. ఒప్పుకుంటాను."

తిట్టాలని నోరు తెరిచాను. కానీ ఆయన మొహంలో ఉన్న వృత్తి బాధ చూస్తే నవ్వొచ్చింది. హోటల్లో ఆయన మూల బల్ల దగ్గర కూర్చున్నాక మునెమ్మ ఇద్దరికీ కాఫీ తెచ్చింది. మన వైపు గాజు గ్లాసులో ఇస్తారు, అక్కడ ఇత్తడి గ్లాసూ గిన్నే జోడీ. అటూ ఇటూ పోసుకుని చల్లార్చుకోవాలి. నేను పోసుకుంటే సగం చొక్కా మీద పోయింది.

"సార్" అంది మునెమ్మ, మెల్లగా, అందరూ వినకుండా. "నీళ్ళు రాలేదని రాసుకుంటే మీకేం పోతాది?"

"నాకేం పోదు. వస్తే నువ్వు పోతావు."

ఆమె వెనక్కి తిరిగింది. కోపంగా పొయ్యి ఊదుకుంది.

వంక వచ్చింది

రెండు రోజులు సన్నగా తుంపర పడుతూనే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం ఎండ కాసింది. వంక అడుగు ఎత్తు కొలవడానికి ముక్కాలి స్టాండు మీద, కర్ర మీది అంకెలు చూసే దుర్భిణి ఉన్న లెవెల్ పెట్టె బిగించి, వంక నడిమధ్యలో పాతాను. గాడిదలు కూడా అడ్డు రాలేదు. గోదావరి ముందుగా ఎర్రబడుతుంది, మెల్లగా మెట్లెక్కుతుంది, దండోరా వేయించి మనిషిని సర్దుకోనిస్తుంది. నీళ్ళంటే అలాగే వస్తాయని నా ధీమా.

ముందు చప్పుడు వినబడింది. లారీ అనుకున్నాను. తర్వాత ఒక టెంకాయ చిప్ప, ఒంటి చెప్పు, గడ్డి మోపు నా కాళ్ళ పక్కనుంచి పోయాయి. నేను వాటిని చూస్తూ, ఎవరిదో చెప్పు కొట్టుకుపోతోందని జాలిపడుతున్నాను.

"పైన చెరువు మరవ పోతాంది సార్! రండి! రండి!" అని అరిచాడు దొరసామి. చెరువు నిండి పొర్లి పారడాన్ని అక్కడ మరవ పోవడమంటారు. నాకు అర్థమయ్యేలోపల వాడు కర్రతో గట్టెక్కేశాడు. నేను లెవెల్ పెట్టె ఊడబీకి చంకన పెట్టుకుని పరుగెత్తాను. ముక్కాలి స్టాండు నా వెనకే రాబోయి, మనసు మార్చుకుని చప్టా వైపు పోయింది. పంచె తడిసి కాళ్ళకు చుట్టుకుంటే పడమటి గట్టు మీద బోర్లా పడ్డాను.

లేచి చూస్తే తూర్పు గట్టు పొడిగా ఉంది. అక్కడ జనమంతా వరసగా నిలబడి, ఇంకొంచెం పైకి రావమ్మా అన్నట్టు నీళ్ళ వైపు చూస్తున్నారు. ఇటుపక్క సందు మధ్యలోనే మోకాలిలోతు, కిందికి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. ఖాదర్ సాయిబు మిద్దె మీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకున్నాడు.

"సాయిబు గారూ! ఇప్పుడేమంటారు?"

"తడి సార్!" అని అరిచాడు. "నీళ్ళు కాదు, ఉత్త తడి!"

నేను నవ్వబోయి ఆగిపోయాను. హోటలు రెండు మెట్లూ మునిగాయి. గడప కూడా మునిగింది. లోపల మునెమ్మ తొడలోతు నీళ్ళలో, రెండు చేతులా తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉంది. వెనక తలుపు ఎప్పుడో ఊడిపోయింది. వంక ఆ గదిలోంచి హోటల్లోకి, హోటల్లోంచి సందులోకి నడిచిపోతోంది. ఒక బల్ల నా ముందునుంచి తేలుకుంటూ పోయింది. మూల బల్ల మీద నిలబడి చెంగల్రాయుడు నల్లకోటు నెత్తికెత్తుకున్నాడు.

"బయటికి రా అమ్మా!"

"రాను!"

"పిచ్చా నీకు? గోడ నానిపోతోంది!"

"నేను బయటికొస్తే నీళ్ళొచ్చినట్లే గదా? మీరు రాసుకుంటారు గదా? నేను రాను సార్. ఈ ఇంట్లో నీళ్ళు రాలే!"

ఆ మాట ఆమె నడుందాకా వచ్చిన నీళ్ళలో నిలబడి అంది. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. అంత భయం గోదావరి ఒడ్డున ఎప్పుడూ వెయ్యలేదు.

"రాయను!" అని అరిచాను. "నా మీదొట్టు, రాయను! నీళ్ళు రాలేదనే రాస్తాను! బయటికి రా!"

సందంతా విన్నది. ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. పొయ్యి మీది దోసె పెనం తీసి నెత్తిన పెట్టుకుని, చెయ్యి చాచింది. దొరసామి లెవెల్ కర్ర చాచాడు. ఒక చేత్తో పెనాన్నీ ఇంకో చేత్తో కర్రనూ పట్టుకుని ఆమె, ఆమె కొంగు పట్టుకుని చెంగల్రాయుడు మెట్లు దిగారు. కోర్టు రోడ్డు ఎక్కాక వెనక గది గోడ కూలిన చప్పుడు వినబడింది. చాలా చిన్న చప్పుడు. లెవెల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాను.

అరుగు మీద హోటలు

పొద్దున్నకు వంక దిగిపోయింది. నా ముక్కాలి స్టాండు చప్టా రాళ్ళకు చిక్కుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. సందులో మోకాలెత్తు బురద. సాయిబు భార్య పరుపు ఒకటి పిండి ఆరేస్తోంది, సాయిబు దాన్ని చూడకుండా తిరుగుతున్నాడు. తూర్పు గట్టు మీద మాత్రం అందరూ దిగులుగా ఉన్నారు. ఒక్క గుమ్మమూ తడవలేదు.

"మా అవ్వ నిజంగా తేలుంటే బాగుండు" అన్నాడు పోలమ్మవ్వ మనవడు. అవ్వ రోకలి తీసుకుని వాడి వెంటపడింది.

ఆ పోలమ్మవ్వ అరుగు మీదే మునెమ్మ పొయ్యి పెట్టింది. అవ్వే పిలిచిందట. కోర్టు జనం పంచెలు ఎత్తి చప్టా దాటి వస్తున్నారు. సాక్షులూ వాదులూ ప్రతివాదులూ అరుగు కింద బారులు తీరి కూర్చున్నారు. చెంగల్రాయుడు అప్పుడే అవ్వ మనవడితో మంతనాలాడుతున్నాడు. మునెమ్మకు అక్కర్లేని గుట్ట కింది స్థలం వాడికీ, వాడికి అక్కర్లేని ఈ బాడుగ అరుగు ఆమెకూ మార్చుకునేలా పత్రం ఎలా రాయాలా అని. అది చెల్లుతుందో లేదో నాకు తెలియదు. ఆయన కళ్ళలో మాత్రం యవ్వనం వచ్చింది.

మునెమ్మ అందరికీ పెట్టి చివర్న నాకు పెట్టింది. రెండు ఇడ్లీలు, చట్నీ లేదు. మొహం చూడలేదు.

"నిన్న ఏం జెప్తిరి సార్?"

"రాయనన్నాను."

"రాసినారా?"

"రాశాను."

చుట్టూ నమలడం ఆగిపోయింది. చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు. "ప్రాణభయంలో ఇచ్చిన మాట కోర్టులో చెల్లదు మునెమ్మా."

"నువ్వు సల్లగుండు గుమాస్తా, నిన్నడగలే" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఊరందరి ముందర ఒట్టేసి అంత గెట్టిగా అబద్ధం జెప్పినారే. ఇంత పెద్ద సందులో అట్లా ఒక్కడికీ చాతకాలేదు."

నేను తలొంచుకుని ఉత్త ఇడ్లీ తిన్నాను. తిడుతోందో మెచ్చుకుంటోందో తెలియలేదు. బస్సుకు టైమైంది. లేచి చెయ్యి కడుక్కోబోతుంటే పిలిచింది.

"ఆ పటం సూపించండి."

విప్పి అరుగు మీద పరిచాను. సందు చూపించాను, వంక చూపించాను, చప్టా చూపించాను. పడమటి గట్టున చిన్న గడి ఒకటి చూపించి, ఇదే నీ ఇల్లు అన్నాను. ఎర్ర గీత దానికి చాలా పైనుంచి పోతోంది, ఇల్లు గీత లోపలే పడింది. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని ఆ గడి మీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"మనిషి ల్యాకుండా ఉత్త ఇల్లు మునిగితే దాన్ని ఏమని రాస్తారు సార్ మీ ఆఫీసులో?"

"నష్టం అని రాస్తామమ్మా."

"మనిషుంటే?"

నేను వంక అవతల కూలిన గోడ వైపు చూశాను. ఆమె నా మొహం చూసి వేలు తీసేసింది. పొయ్యి దగ్గరికి పోయి గరిటెడు చట్నీ తెచ్చి నా ఖాళీ విస్తట్లో పోసి, ఇంకో రెండు ఇడ్లీలు దాని మీద పెట్టింది.

"అట్లయితే నష్టమనే రాసుకోండి" అంది.